చప్పట్ల దారి

కెప్టెన్ షువాకు చేతి పట్టీ విప్పి బెంచీ మీద పడేసి, మా తమ్ముడి మొహమైనా చూడకుండా డ్రెస్సింగ్ రూమ్‌లోంచి వెళ్లిపోయాడు. పోయినవారం అక్కడ ఆపాను. అది బుధవారం సాయంత్రం. గురువారం మధ్యాహ్నానికి సోతోనెగ్రో ఊరంతా గుప్పుమంది.

గొడవంతా దేనికంటే, చప్పట్లకి. కాస్త్రోమార్ జట్టు పోయిన ఆదివారమే ఫుట్‌బాల్ లీగ్ గెలిచేసింది. వచ్చే ఆదివారం మా మైదానానికి వస్తోంది. ఛాంపియన్లు వచ్చినప్పుడు ఇంటి జట్టు ముందుగా బయటికి వచ్చి రెండు వరసల్లో నిలబడాలి, వాళ్లు మధ్యలోంచి నడుస్తుంటే చప్పట్లు కొట్టాలి. అది మర్యాద. మా తమ్ముడు లీనో మా ఊరి జట్టుకి కోచ్ కాబట్టి, "ఆదివారం చప్పట్ల దారి వేస్తున్నాం" అని బోర్డు మీద సుద్దతో రాశాడు. అది చదివి షువాకు పట్టీ విప్పేశాడు.

షువాకుని తప్పు పట్టలేను. మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా ఈ కథ తెలుసు. మా నాన్న బెలార్మీనో గనిలో బొగ్గు తవ్వేవాడు, ఆదివారాలు మా జట్టుకి కెప్టెన్‌గా ఆడేవాడు. ఊరి చరిత్రలో ఒక్కటంటే ఒక్కసారి లీగ్ గెలిచాం, అది ఆయన గెలిపించిందే. గెలిచాక చివరి ఆట కాస్త్రోమార్‌లో పడింది. కొండచరియ విరిగి రైలు పట్టాల మీద పడడంతో మా ఊరివాళ్లు ఒక్కరూ వెళ్లలేకపోయారు. జట్టు మాత్రం ముందురోజే వెళ్లింది. నాన్నావాళ్లు మైదానంలోకి వచ్చేసరికి దారీ లేదు, చప్పట్లూ లేవు. కాస్త్రోమార్ వాళ్లు పదకొండు మందీ వానలో వీపులు తిప్పి నిలబడి ఉన్నారట. మేం వరసలో నిలబడ్డాం అని వాళ్లు ఇప్పటికీ అంటారు. అబద్ధాలకోర్లు అని మేం ఇప్పటికీ అంటాం. అప్పటికి లీనో అమ్మ ఒళ్లో ఉన్నాడు. నాకు ఏడేళ్లు.

అలాంటి మనిషి కొడుకు పద్దెనిమిదేళ్లు నిండగానే ఎక్కడికి పోయాడనుకున్నారు? కాస్త్రోమార్‌కే. ఊరు మా ఇంటి గోడ మీద నల్లరంగుతో 'ద్రోహి' అని రాసింది. ఆ గోడ తోమింది నేను. ఇప్పటికీ వాన పడితే ఆ అక్షరాలు పైకి తేలతాయి. వాడు మాత్రం అక్కడ పదమూడేళ్లు ఆడాడు, మొదటి డివిజన్‌లో ఆడాడు, కెప్టెన్ అయ్యాడు. వాడి ఆట వచ్చే రోజు నా కొట్టు కిటకిటలాడేది. టీవీ గొంతు నొక్కేసి, చూడనట్టు చూసేవాళ్లు మా ఘనులు. కప్పు పోటీలో ఒకసారి మా జట్టు మీదే గోల్ కొట్టాల్సి వచ్చింది. కొట్టి, చేతులు కిందికి వదిలేసి, తలవంచుకుని మైదానం మధ్య గీత దగ్గరికి నడిచి వెళ్లాడు. తోటివాళ్లు వచ్చి కౌగిలించుకోబోతే వద్దన్నాడు. ఆ రోజు నా కొట్టులో ఎవ్వరూ వాణ్ణి తిట్టలేదు.

తర్వాత మోకాలు పోయింది. కోచ్ చదువు చదివాడు. దక్షిణాన మూడు క్లబ్బుల్లో పని చేశాడు. ఒకదాన్ని పై డివిజన్‌కి ఎక్కించాడు, రెండింట్లో గెంటించుకున్నాడు. అందులో ఒకటి మంగలి కుర్చీలో ఉండగా, సగం గడ్డం గీసుకుని ఉండగా, ఫోన్లో గెంటారు. "మిగతా సగం గీయించుకునే లేచాను అక్కా" అని నవ్వాడు. రెండేళ్ల కిందట సోతోనెగ్రో జట్టు మునగబోతుంటే ఎవరూ అడగకుండానే వచ్చి నిలబెట్టాడు. ఈలోగా కాస్త్రోమార్ కూడా మెట్లు దిగి మా మూడో డివిజన్‌లో పడింది. ఇప్పుడు మావాళ్లు ఈ ఆదివారం గెలిస్తే పైకెక్కే పోటీకి అర్హత వస్తుంది. అయినా ఊరు వాణ్ణి ఇంకా 'కాస్త్రోమార్ లీనో' అనే పిలుస్తుంది. సొంత ఊళ్లో సొంతవాడు అనిపించుకోవడం ఒక్కటే వాడికి దక్కనిది. ఇప్పుడీ చప్పట్లతో అది పూర్తిగా పోయేలా ఉంది.

ఇక గురువారం సంగతి.

ఆపిల్ పళ్ల కల్లు, అదే సిద్ర, అమ్మే నా కొట్టు మైదానానికి ఎదురుగానే ఉంటుంది. లీనో మూల బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుగింజల కూర తింటున్నాడు. ఎవడూ వాడి దగ్గరికి పోలేదు. కొట్టు మధ్యలో క్లబ్బు అధ్యక్షుడు రొసెందో నిలబడ్డాడు. లారీల వ్యాపారం కదా, మాట కూడా హారన్ మోగినట్టే ఉంటుంది.

"లీనో, తినేటప్పుడు మాట్లాడకూడదు గానీ..."

"కూడదని తెలుసుగా, మాట్లాడకు మరి," అన్నాను సీసా తుడుస్తూ.

"నువ్వాగు తెల్వీనా. ఒరే లీనో, ఆదివారం నువ్వు దారి వేయిస్తే సోమవారం పొద్దున మైదానం తాళాలు నా బల్ల మీద పెట్టి పోవాలి. ఇది ఊరి మాట. నాది కాదు."

"ఊరి మాట నువ్వే చెప్తున్నావంటే, ఊరికి వేరే పనేదో ఉన్నట్టుంది," అన్నాడు లీనో, రొట్టెతో పళ్లెం అంచు తుడుస్తూ.

కౌంటర్ చివర స్టూలు మీంచి ఒనోరీనో దగ్గాడు. నాన్న జట్టులో గోల్ కీపర్ ఆయన. ఆ పదకొండు మందిలో ఇప్పుడు బతికున్నది ఆయనొక్కడే. డెబ్బై దాటాయి, చేతికర్ర వచ్చింది, నోరు మాత్రం అలాగే ఉంది. కుడిచేతి రెండు వేళ్లు వంకర. చివరి ఆటలో బంతి తగిలి విరిగినా గోల్ వదల్లేదని ఊరు వాటిని దేవుడి విగ్రహంలా చూస్తుంది.

"పోనీవయ్యా రొసెందో, పదమూడేళ్లు వాళ్ల ఉప్పు తిన్నాడు. ఆపాటి చప్పట్లు కొట్టకపోతే అన్నం అరుగుతుందా వాడికి?"

కొట్టంతా నవ్వింది. లీనో లేచి పళ్లెం తెచ్చి నా ముందు పెట్టాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. కోపం వస్తే నాన్నకీ అంతే.

"బాబాయ్, వాళ్లు లీగ్ గెలిచారు. మనకంటే బాగా ఆడి గెలిచారు. ఆ మాట ఒప్పుకోవడం చేతకానివాడికి వచ్చే ఏడాది గెలవడం నేనెలా నేర్పను? నా పిల్లలు తలెత్తుకుని చప్పట్లు కొట్టాలి. తర్వాత వాళ్లని చిత్తుగా ఓడించాలి. రెండూ కావాలి నాకు."

"మీ నాన్న వానలో నిలబడి వాళ్ల వీపులు చూశాడ్రా!"

"చూశాడు. ఇంటికొచ్చి ఒక్కసారైనా వాళ్లని తిట్టాడా? అక్కా, నువ్వు చెప్పు, తిట్టాడా?"

నేను ఆలోచించాను. నిజమే, తిట్టలేదు. ఊరంతా తిట్టేది. ఆయన దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో దగ్గుతూ కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఎవరైనా ఆ ఆట సంగతి ఎత్తితే "ఒనోరీనో భలే ఆపాడు" అని మాత్రం అనేవాడు.

ఆ మాట పైకి చెప్పేలోపు తలుపు తెరుచుకుంది.

వచ్చినవాడు టోపీ తీసి చినుకులు దులుపుకున్నాడు. పొడుగ్గా, జుట్టంతా తెల్లగా, మంచి కోటు తొడుక్కుని. కాస్త్రోమార్ కోచ్ ఓవిదియో. ఛాంపియన్ జట్టు కోచ్, ఆటకి మూడురోజుల ముందు, ఒంటరిగా మా కొట్టులో!

లీనో ముందుగా తేరుకున్నాడు. "రా అన్నా," అన్నాడు. వాడు పద్దెనిమిదేళ్ల వయసులో కాస్త్రోమార్ వెళ్లినప్పుడు ఈయనే అక్కడి కెప్టెన్. వాడికి గది చూపించింది, టై కట్టడం నేర్పింది ఈయనే.

"తెల్వీనా గారూ, నాకు సిద్ర పోస్తారా?"

"ఇది కొట్టు. ఎవరొచ్చినా పోస్తా," అని సీసా తలపైకెత్తి, గ్లాసు తొడ దగ్గర పట్టి పోశాను. చుక్క పక్కకి పోలేదు. పోతే పరువు పోదూ!

ఆయన ఒక్క గుక్కలో తాగి, అడుగున మిగిలిన చుక్కతో అంచు కడిగి నేల మీది రంపపు పొట్టులో పారబోశాడు. మా దగ్గర ఒకే గ్లాసు చేతులు మారుతుంది కదా, పద్ధతి తెలిసినవాడే.

"లీనో, నీ కెప్టెన్ పట్టీ విప్పాడని విన్నాను. నిన్ను పంపించేస్తారనీ విన్నాను. అందుకే వచ్చాను. నాకోసం దారి వెయ్యొద్దు. మీ ఊరి చప్పట్లు నాకొద్దు."

"మహా వద్దనడానికొచ్చావు," అన్నాడు ఒనోరీనో. "ఎవడు కొడతానన్నాడు నీకు?"

ఓవిదియో ఆయన వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. "మీరు గోల్ కీపర్ కదూ? నేను మీకు గుర్తుండను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. మా జట్టులో అందరికంటే చిన్నవాణ్ణి. ఆ రోజు నేను వరసలో నిలబడ్డాను."

"ఏ వరస?" రొసెందో హారన్ మోగింది. "వరస లేదు, ఏమీ లేదు!"

"ఉంది. అయిదుగురు ఇటు, ఆరుగురు అటు. జోరువాన. జనం మమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. మీవాళ్లు రారు. రిఫరీ గడియారం చూస్తున్నాడు. మా కెప్టెన్ నన్ను పిలిచి, వెళ్లి తలుపు కొట్టి రమ్మను అన్నాడు. వెళ్లి కొట్టాను. రండి, వేళయింది అన్నాను. లోపలినుంచి ఒక గొంతు, బొంగురు గొంతు, 'ఆగు' అంది. ఒక్క మాట. అంతే. మళ్లీ వచ్చి నిలబడ్డాను. ఇంకా కొంచెంసేపు తడిశాం. రిఫరీ ఈల వేసి వరస విప్పేయమన్నాడు. అప్పుడు మా కెప్టెన్ అన్నాడు, వాళ్లకి మన చప్పట్లు అక్కర్లేదట, వీపులు చూపించండి అని. చూపించాం."

ఎవరో "అబద్ధం" అన్నారు గానీ ఆ మాటలో బలం లేదు. నా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను వీధిలోకి పరిగెత్తబోతే అదే గొంతు 'ఆగు' అనేది.

లీనో అడిగాడు. "నేను పదమూడేళ్లు మీ ఊళ్లోనే ఉన్నాను అన్నా. ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు ఆయన కొడుకువి. మీ నాన్న పొగరుబోతు, మమ్మల్ని వానలో నిలబెట్టి అవమానించాడని నీ మొహం మీద చెప్పమంటావా? ఆ మాట నా నోట రాలేదు. ఈ రోజుకీ రావడం లేదు. కానీ ఒకసారి వరసలో నిలబడి ఎదురుచూసినవాణ్ణి. రెండోసారి, ఇష్టం లేని పిల్లల మధ్యలోంచి తలవంచుకుని నడవలేను."

అంతా లీనో వంక చూశారు. నేను మాత్రం ఒనోరీనోని చూశాను. ముసలాయన మొహంలో రక్తం చుక్క లేదు. కర్ర స్టూలుకి ఆనించి, కుడిచెయ్యి తెచ్చి కౌంటర్ మీద బోర్లా పెట్టాడు. ఆ రెండు వంకర వేళ్లు నా గ్లాసుల పక్కన.

"కొట్టింది నువ్వా?" అన్నాడు. "మేం రిఫరీ మనిషి అనుకున్నాం."

"నేనే."

"తెల్వీనా, ఈ వేళ్లు ఎలా విరిగాయి?"

"బంతి తగిలి బాబాయ్. అందరికీ తెలుసు."

"ఎవడికీ తెలీదు. శుక్రవారం గనిలో బండి కింద పడ్డాయి. దెబ్బ చెబితే ఇంటికి పంపేస్తారు, ఆట పోతుంది. చెప్పకుండా దాచానని తెలిస్తే ఉద్యోగమే పోతుంది. అప్పటికి నాకు పెళ్లై నెలన్నా కాలేదు. దాచాను. ఆదివారం కాస్త్రోమార్‌లో బూట్లు వేసుకునేసరికి చెయ్యి బన్నులా ఉబ్బింది. గ్లవ్ ఎక్కదు. మీ నాన్న చూశాడు. ఒక్క మాట అడగలేదు. చొక్కా విప్పి, దాని అంచు చించి, నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక్కో వేలే చుట్టాడు. నేను నొప్పికి ఏడుస్తున్నా. మిగతావాళ్లంతా తయారై నిలబడ్డారు. ఎవరో, 'నువ్వు వీళ్లని తీసుకుని వెళ్లు బెలార్మీనో, ఒనోరీనో వెనక వస్తాడు' అన్నారు. మీ నాన్న తల కూడా ఎత్తలేదు. 'ఆఖరివాడు ఎక్కందే బోను పైకి పోదు' అన్నాడు."

కొట్టులో ఉన్న ముసలాళ్లందరూ ఒకేసారి తలలూపారు. గనిలోంచి మనుషుల్ని పైకి లాగే బోను సంగతి అది. షిఫ్టు అయ్యాక కిందున్నవాళ్లలో ఆఖరి మనిషి ఎక్కేదాకా గంట కొట్టరు. మా వాళ్లకి అది నియమం కూడా కాదు, ఊపిరి తీసుకోవడం లాంటిది. మైదానంలో అలాంటి నియమం లేదనీ, బయట ఎవరో ఎదురుచూస్తూ ఉండొచ్చనీ గని మనిషికి తట్టదు. ఆ పొరపాటు మా వాళ్లే చెయ్యగలరు.

"తలుపు చప్పుడైంది. 'ఆగు' అన్నాడు," ఒనోరీనో ఆ వేళ్లు నిమురుకున్నాడు. "చుట్టడం పూర్తయింది. బయటికొచ్చాం. మీ వీపులు కనిపించాయి. మీరు వరసలో నిలబడి విప్పేశారని మాకెలా తెలుస్తుంది? సోమవారం గనిలో, బంతి తగిలి విరిగాయని చెప్పాం. నిజం బయటపడితే నా ఉద్యోగం పోతుంది, అందుకని ఎందుకు ఆలస్యమైందో ఎవరమూ పెదవి విప్పలేదు. తర్వాత ఊరు ఈ కోపాన్ని అలవాటు చేసుకుంది. నేనూ చేసుకున్నాను. వాళ్లందరూ పోయాక నాకు మిగిలింది ఆ కోపమొక్కటే."

"అయితే మీరు మమ్మల్ని అవమానించలేదు," అన్నాడు ఓవిదియో నెమ్మదిగా.

"మీరూ మమ్మల్ని అవమానించలేదు."

తర్వాత ఒనోరీనో తన గ్లాసు నా ముందుకి తోశాడు. పోశాను. సగం తాగాడు. అంచు కడిగి, అదే గ్లాసు మళ్లీ పోయించి ఓవిదియోకి ఇచ్చాడు. ఆయన తాగాడు.

నేను ఏడుపు దాచుకోలేదు. ఎందుకు దాచుకోవాలి? ఇన్నేళ్లూ మా నాన్నని అవమానం పడ్డ మనిషిగా తలుచుకుని జాలిపడ్డాను. అది తప్పు. లోకం రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉంటే, ఆయన ఒక మనిషి వేళ్లకి కట్టు కడుతూ దాన్ని ఆగమన్నాడు. ఆయన బిడ్డనైనందుకు ఆ రోజు గర్వం నా గుండెలో పట్టలేదు.

ఓవిదియో టోపీ పెట్టుకున్నాడు. లీనో గుమ్మం దాకా వెళ్లాడు. "ఇప్పుడూ చప్పట్లు వద్దంటావా అన్నా?"

"బలవంతపు చప్పట్లు ఇప్పుడూ వద్దు. పిల్లలు మనసుతో కొడితే నడుస్తాం. లేకపోతే మామూలుగా వచ్చి ఆడతాం."

మర్నాడు ఒనోరీనో కర్ర పట్టుకుని మైదానానికి వెళ్లి జట్టు ముందు అంతా తన నోటితో చెప్పాడు. పిల్లలు చుట్టూ చేరి విన్నారు. షువాకు బూటు లేసు బిగిస్తూనే ఉన్నాడు. చివరికి లేచి లీనో దగ్గరికి వచ్చాడు.

"కథ మారింది, ఒప్పుకుంటా కోచ్. కానీ మీరు ఈ కథ తెలియకముందే బోర్డు మీద రాశారు. మా కోపం ఏంటని అడగను కూడా అడగలేదు. అది నాకు మింగుడు పడటం లేదు."

"నిజమే, అడగలేదు. అడగాల్సింది," అన్నాడు లీనో. "తెలియకపోయినా రాసేవాణ్ణే, అదీ నిజమే. పట్టీ నా జేబులో ఉంది. కావాలనిపించినప్పుడు తీసుకో. ఆదివారం నేను మాత్రం వెళ్లి నిలబడతా. మిమ్మల్ని రమ్మనను. ఎవరి చేతులూ పట్టుకుని చప్పట్లు కొట్టించను."

ఊరు మాత్రం రెండుగా చీలింది. ముసలాడికి మతి పోయిందని సగం మంది అన్నారు. "తాళాల మాట తాళాల మాటే," అన్నాడు రొసెందో.

ఆదివారం మధ్యాహ్నం. కొండ మీంచి సన్నటి చినుకు దిగుతోంది. స్టాండ్ కిక్కిరిసింది. ఆటగాళ్లకి వేడి పులుసు పొయ్యడం నా పని కాబట్టి, క్యాను పట్టుకుని మా బెంచీ పక్కన నిలబడ్డాను. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగం ముఖం దగ్గర కాస్త్రోమార్ జట్టు తయారుగా ఉంది. పక్కనే మా డ్రెస్సింగ్ రూమ్ తలుపు మూసి ఉంది.

లీనో ఒక్కడే బయటికి వచ్చి, సొరంగానికి ఎడమవైపు, వరస మొదలవ్వాల్సిన చోట నిలబడ్డాడు. స్టాండ్‌లోంచి ఈలలు మొదలయ్యాయి. మెచ్చుకునే ఈలలు కావవి, చెవులు చిల్లులు పడేలా తిట్టే ఈలలు. 'పో, కాస్త్రోమార్‌కే పో' అని ఎవడో అరిచాడు. వాడు కదల్లేదు. చేతులు పక్కన పెట్టుకుని, మోకాలు నొప్పి పెట్టే కాలు కొంచెం వంచి నిలబడ్డాడు. నాకు ఆ అరిచినవాడి నెత్తిన పులుసు పోద్దామనిపించింది.

అప్పుడు ఒనోరీనో స్టాండ్ మెట్లు దిగడం కనిపించింది. ఒక్కో మెట్టే దిగి, గేటు తోసుకుని, గడ్డి మీద నడిచి, లీనోకి ఎదురుగా నిలబడ్డాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని. ఈలలు సన్నగిల్లి ఆగిపోయాయి. ఆయన మీద ఈల వేసే దమ్ము మా ఊళ్లో ఎవడికీ లేదు.

ఇద్దరు మనుషుల దారి. రిఫరీ చెయ్యి ఊపాడు. "రండి, రండి, నడవండి."

ఓవిదియో చెయ్యి అడ్డం పెట్టి తనవాళ్లని ఆపాడు. "ఇంకా రావాల్సినవాళ్లున్నారు."

"ఇద్దరున్నారు కదయ్యా. వేళ దాటిపోతోంది."

"ఆఖరివాడు వచ్చేదాకా ఆగుతాం," అన్నాడు ఓవిదియో.

ఆ మాట మా బెంచీ దాకా వినిపించింది. లీనో తల తిప్పి ఆయన్ని చూశాడు. రిఫరీ గడియారం చూసుకుని ఈల నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. ఓవిదియో అతని భుజం తట్టి, మా డ్రెస్సింగ్ రూమ్ దగ్గరికి వెళ్లి తలుపు కొట్టాడు. "రండి, వేళయింది," అన్నాడు.

లోపలినుంచి షువాకు గొంతు వినిపించింది. "ఆగండి!"

ఓవిదియో వెనక్కి వచ్చి తనవాళ్ల ముందు, చినుకుల్లో నిలబడ్డాడు. ఈసారి ఆయన మొహంలో కోపం లేదు.

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. అందరూ ఒప్పుకున్నారు, ఒకడు ఒప్పుకోలేదు. వాణ్ణి వదిలేసి రావడానికి ఎవరూ సిద్ధపడలేదు. ఆ ఒక్కడు ఎవడో నేను చెప్పను. వాడికి పెళ్లి చూపులు జరుగుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. షువాకు ముందు వచ్చాడు. వాడి వెనక అందరూ, ఆఖరివాడితో సహా. షువాకు నేరుగా లీనో ముందుకి వచ్చి చెయ్యి చాపాడు. లీనో జేబులోంచి పట్టీ తీసి ఇచ్చాడు. వాడు దాన్ని తొడుక్కోలేదు. అటు తిరిగి, ఒనోరీనో తడిసిన కోటు చేతికి ఎక్కించాడు. వంకర వేళ్లకి తగలకుండా జాగ్రత్తగా ఎక్కించి, ఆయన పక్కన వరసలో నిలబడ్డాడు.

మొదటి చప్పుడు ఒనోరీనోది. ఆ విరిగిన చేతి చప్పుడు మెత్తగానే వచ్చింది. తర్వాత జట్టు అందుకుంది. కాస్త్రోమార్ పిల్లలు తలలెత్తుకుని నడిచారు. అప్పుడు నా వెనక, స్టాండ్‌లో ఎక్కడో ఒక చోట మొదలై, వాన పెరిగినట్టు చప్పట్లు పెరిగాయి. రొసెందో కట్టుకున్న చేతులు విప్పడం చూశాను. కొట్టాడో లేదో, నా కళ్ల నిండా నీళ్లు, సరిగ్గా కనపడలేదు.

ఒనోరీనో పట్టీ తీసి షువాకుకి ఇచ్చేశాడు. "ఇక మర్యాద అయిపోయింది. వెళ్లి ఓడించండి వాళ్లని," అన్నాడు. పిల్లలు నవ్వుతూ పరిగెత్తారు.

దారిలో ఆఖరున నడిచింది ఓవిదియో. ఒనోరీనో చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత లీనో దగ్గర ఆగి, మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్పి తన బెంచీ వైపు వెళ్లిపోయాడు. మాట చిన్నదే. మా తమ్ముడు మాత్రం అక్కడే నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే స్టాండ్‌లో ఎవరో "లీనో!" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. "లీ-నో! లీ-నో!" 'కాస్త్రోమార్' అన్న మాట ముందు లేకుండా, ఉత్త పేరు. వాడికి పద్దెనిమిదేళ్లు వచ్చిన దగ్గర్నుంచి ఊరు ఆ పేరుని అలా పిలవడం ఇదే మొదలు. గర్వంతో నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. వాడు మెల్లగా బెంచీ దగ్గరికి వచ్చాడు. గ్లాసులో పులుసు పోసి ఇచ్చాను. అందుకోలేదు.

"ఏంట్రా? ఊరు నిన్ను పిలుస్తోంది, వినపడటం లేదా?"

"వినపడుతోంది అక్కా." వాడి మొహం పాలిపోయి ఉంది. "ఈ ఆటతో ఓవిదియో అన్న మానేస్తున్నాడట. రెండో డివిజన్‌లో వాళ్లని నడిపించడానికి, క్లబ్బుకి ఒక్క పేరే చెప్పాడట. వాళ్లు ఒప్పుకున్నారట. రాత్రిలోగా జవాబు చెప్పాలి."

ఎవరి పేరని నేను అడగలేదు. నా వెనక స్టాండంతా ఆ పేరే అరుస్తోంది. రిఫరీ ఈల వేశాడు, ఆట మొదలైంది.